అరగంట ఆగుదామన్న మాట

మా పెద్ద మనవడు దసరా సెలవుల్లో స్నేహితులతో కలిసి శ్రీశైలం పోతాడట. వచ్చేటప్పుడు మల్లెల తీర్థం జలపాతం దగ్గర "ఒక అరగంట ఆగి వస్తాంలే తాతా" అన్నాడు. కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని వాళ్లను ముప్పై ఏళ్లు శ్రీశైలం తిప్పినవాణ్ని నేను. మొదట జీపులో, ఆ తర్వాత తుఫాన్ బండిలో. ఆ అరగంట మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. వాడికి నోటితో చెబితే సగం వింటాడు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

1. అరగంట అనేది నీళ్ల దగ్గర నిలబడే సమయం మాత్రమే. నీ లెక్క తారురోడ్డు వదిలిన నిమిషం నుంచి మళ్లీ తారురోడ్డు ఎక్కే నిమిషం దాకా ఉండాలి. శ్రీశైలం నుంచి హైదరాబాదు రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు వస్తే వటవర్లపల్లి. అక్కడ పక్కకు తిరిగి అడవిలోకి 8 కిలోమీటర్లు పోవాలి. నిదానంగా పోతే ఇరవై ఐదు నిమిషాలు. అక్కడ బండి ఆపి 350 దాకా మెట్లు దిగాలి. దిగడం ఎవరికైనా సులువే. ఎక్కడంలోనే గంట కరిగిపోతుంది. కుర్రవాళ్లయితే ఇరవై నిమిషాల్లో వస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పది మెట్లకు ఒకసారి కూర్చుంటారు. మళ్లీ 8 కిలోమీటర్లు వెనక్కి. అందరూ వయసు వాళ్లయితే రెండు గంటలు, బండిలో పెద్దవాళ్లుంటే రెండున్నర రాసుకో. అంతకు తక్కువ రాసుకున్నవాళ్లు నీళ్ల ముందు నిలబడి గడియారం చూసుకోవడం నేను కళ్లారా చూశాను. అంతదూరం పోయి గడియారం చూడటం కంటే పోకపోవడమే మేలు.

2. అడవి గేటు వేళ ముందు తెలుసుకో, దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకో. దోర్నాల వైపైనా మన్ననూరు వైపైనా అది పెద్దపులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను లోపలికి వదలరు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. మొదటి రోజుల్లో ఒకసారి ఎమ్మిగనూరు కుటుంబాన్ని తీసుకుపోయాను. మధ్యాహ్నం భోజనం చేసి శ్రీశైలంలో బయలుదేరి, మల్లెల తీర్థం చూసి, మళ్లీ శ్రీశైలం మీదుగానే ఇంటికి తిరుగుముఖం పట్టాను. ఘాటు దిగి దోర్నాల చేరేసరికి తొమ్మిది దాటింది. ఆత్మకూరు రోడ్డు గేటు మూసేశారు. పాలు తాగే బిడ్డతో సహా పదకొండు మందిమి తెల్లారే దాకా జీపులోనే ఉన్నాం. ఆ బిడ్డ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రంతా కొంగుతో బిడ్డ ముఖం మీది దోమలు తోలుతూ కూర్చుంది. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్నేమో. ఆ తర్వాత ఎప్పుడూ మధ్యాహ్నం రెండు దాటాక ఆ మెట్ల వైపు ఎవర్నీ దిగనివ్వలేదు.

3. పోయిన దారినే తిరిగి రావద్దు, చుట్టు తిరిగి రా. పోయేటప్పుడు కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల. రాత్రికి శ్రీశైలంలో పడక. తెల్లవారి దర్శనం చేసుకుని, డ్యాం దాటి దోమలపెంట మీదుగా వటవర్లపల్లి. పది గంటలకల్లా మెట్ల దగ్గర ఉండాలి. ఒంటిగంటకు మన్ననూరు గేటు బయటపడతావు. అక్కడి నుంచి అచ్చంపేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, పెబ్బేరు. పెబ్బేరులో 44వ నంబరు రోడ్డు ఎక్కితే కర్నూలు నేరుగా వస్తుంది. జలపాతం దారిలోనే పడుతుంది కాబట్టి ఎవరి కోసమో వెనక్కి మళ్లే పని ఉండదు.

4. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారని వింటే ఆ రోజు మల్లెల తీర్థం ఆశ వదులుకో. ఘాటు రోడ్డు మీద బండ్లు చీమల బారులా నిలబడిపోతాయి. రెండూ చూద్దామంటే రెండూ సరిగా చూడలేవు. గేట్లే చూడు. ఆ దూకే నీళ్లలో మన హంద్రీ నీళ్లు కూడా ఉంటాయి. కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసి అక్కడిదాకా పోతాయవి. ఆ జలాశయం నీళ్లనే మల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువలో మళ్లీ మన సీమకు పంపుతున్నారు. ఈ మాట చెబితే బండిలో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి గేట్ల వైపు చూసేవాళ్లు.

5. వానలు తగ్గాక వచ్చే రోజులే దీనికి మంచివి. దసరా నుంచి సంక్రాంతి దాకా ధార ఉంటుంది, బండలు కనబడతాయి. ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది. అంతదూరం తీసుకుపోయి, ఇంతేనా అని వాళ్లు అంటే తెచ్చినవాడి మనసు చివుక్కుమంటుంది.

6. దిగలేని వాళ్లను మెట్ల పైన వదిలేసి పోవద్దు. వాళ్ల కోసం ముందురోజే శ్రీశైలం దగ్గర ఫాలధార పంచధార చూపించు. గుడికి నాలుగైదు కిలోమీటర్లే. అక్కడా మెట్లున్నాయి గానీ ఇన్ని లేవు. బండల సందుల్లోంచి నీళ్లు సన్నగా జారుతుంటాయి. శంకరాచార్యులు తపస్సు చేసిన చోటని చెబుతారు. మా ఊరి నేతపని అవ్వ ఒకామెను చేయి పట్టుకుని దించాను. గద్వాల చీరలు నేసీ నేసీ వేళ్లు వంకర తిరిగినాయి ఆమెకు. బండ మీద దారాల్లా విడివిడిగా దిగుతున్న నీళ్లకు ఆ వేళ్లు అడ్డం పెట్టి, ఇటు నుంచి అటు మెల్లగా జరిపింది. "పడుగు సాగదీసినట్టు ఎంత బాగుంది నాయనా, ఒక్క పోగు తెగలేదు" అనింది. నేను వందసార్లు చూసిన నీళ్లే అవి. ఆ రోజు దాకా నాకు పోగులు కనబడలేదు.

7. నీళ్ల రంగు చూడు. ఉన్నట్టుండి ధార ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా పైన ఎక్కడో వాన పడిందని అర్థం. నీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వెంటనే గట్టెక్కు. హంద్రీ ఒడ్డున పుట్టినవాడికి ఇది వేరే చెప్పాలా? ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసకే కనబడే ఏరు, 2009 అక్టోబరు 2న తుంగభద్రతో కలిసి కర్నూలు ఊరినే ముంచింది. పాచి పట్టిన బండ మీద చెప్పులతో నిలబడి ఫోటో దిగొద్దు. ధార పడే చోట మడుగు లోతు ఎంతో చూసి చెప్పలేం. ఈత వచ్చు అనేవాడి మీదే ఒక కన్ను ఎక్కువ వేసి ఉంచు.

8. తిండి ఇంటి నుంచి కట్టుకుపోండి. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని బయలుదేరితే పదింటిదాకా ఆకలి తెలియదు. మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు, చెనిగిత్తనాల పొడి. ఇవి చెడవు, కారవు. తినడం మాత్రం మెట్లెక్కి పైకి వచ్చాకే. నిండు కడుపుతో ఎక్కితే ఆయాసం వస్తుంది, కింద తింటే కోతులు వదలవు. కాగితం, కవరు ఒక్కటి కూడా అడవిలో పడెయ్యొద్దు. ఆ చుట్టుపక్కల చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు ఉన్నాయి. మనం రెండు గంటలు ఉండి పోతాం, వాళ్ల పిల్లలు పెరిగేది అక్కడే.

9. ఉగాదికి ముందు కన్నడ భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు దారిన శ్రీశైలానికి నడిచిపోవడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా. ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టాక వాళ్ల మజిలీలు ఏవో ఎప్పుడైనా అడిగావా? నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను. చివరి రెండూ పేరులోనే చెరువు, కొలను. నీళ్లెక్కడుంటే అక్కడే మజిలీ. ఎంత దూరం నడవాలో నీళ్లు నిర్ణయిస్తాయి. మనం బండెక్కాక కిలోమీటర్లు ముందు రాసుకుని, మిగిలిన సందుల్లో నీళ్లను ఇరికిస్తున్నాం. మల్లెల తీర్థాన్ని కాగితం మీద మొదట రాయి. దర్శనం వేళ, భోజనం వేళ, ఇల్లు చేరే వేళ దాని చుట్టూ సర్దుకో.

10. బండి నడిపేవాణ్ని కిందికి రమ్మని బలవంతపెట్టొద్దు. మీరు పైకి వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చి పడుకోనివ్వు, అటు తర్వాత పెబ్బేరు దాకా వాడే నడపాలి. పైకి వచ్చేటప్పుడు ఒక సీసా నిండా ఆ నీళ్లు పట్టుకొచ్చి వాడి ముఖం కడుక్కోవడానికి ఇవ్వు. నాకు అలా తెచ్చి ఇచ్చినవాళ్లు ముప్పై ఏళ్లలో ఇద్దరు. ఒకామె ఆ నేతపని అవ్వ, పంచధార నుంచి తెచ్చింది. ఇంకొకరు ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ పని చేసే ఒకాయన.