మతం గడిలో ఏం రాయాలి?



వార్షికోత్సవ సంచికకు పాఠంలాగా ఏదైనా రాయమని అడిగారు. ఎం.ఏ. తెలుగు పూర్తిచేశాను గనుక సంధులో, సమాసాలో రాస్తానని అనుకుని ఉంటారు. ఛందస్సు మీద రాద్దామని కూర్చున్నాను కూడా. కానీ పరీక్షలు అయిపోయిన రోజు నుంచి నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. అది మీలో చాలామందికి రేపో ఎల్లుండో ఎదురయ్యేదే. అందుకని దాన్నే రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనే మొదటివాణ్ని. ఇంటర్‌లో చేర్చడానికి మా నాయిన మోతీనగర్ వచ్చినప్పుడు హాస్టల్ రిజిస్టరులో వేలిముద్ర వేశాడు. ఊళ్లో పోచమ్మ పండుగకు డప్పు కొట్టేది ఆయనే. అమ్మ మాత్రం ఆదివారం పూట చర్చికి వెళ్తుంది. పెళ్లికి ముందు నుంచీ ఆమెకు ఆ అలవాటు ఉంది. ఇంట్లో దీని మీద గొడవ ఎప్పుడూ కాలేదు. పండుగనాడు అమ్మ బోనం వండి ఇస్తుంది, నెత్తికి మాత్రం ఎత్తుకోదు. క్రిస్మస్‌కు నాయిన కొత్త చొక్కా వేసుకుంటాడు.

నా ప్రతి పరీక్షకూ అమ్మ ఉపవాస ప్రార్థన చేసింది. ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పి సప్లిమెంటరీ రాసినప్పుడు మూడు రోజులు ఉంది. చివరి పరీక్ష రాసి ఇంటికి పోయిన రాత్రి అన్నం పెడుతూ అన్నది: "చదువు అయిపోయింది గద బిడ్డా. ఇగనన్న బాప్తిస్మం తీస్కో. నేను మొక్కుకున్న."

అదే వారం ఉద్యోగ దరఖాస్తు నింపుతున్నాను. కులం గడి ఉంది. నా సర్టిఫికెట్ మీద ఎస్సీ అని ఉంది. అమ్మ అడిగిందానికి ఒప్పుకుంటే ఆ సర్టిఫికెట్ సంగతి ఏమిటి?

ఇక్కడ పాఠంలోకి వస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

1950లో రాష్ట్రపతి పేరున షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా చిన్నదే గానీ మన జీవితాలన్నీ దాని కిందే నడుస్తున్నాయి. హిందూ మతం కాక మరో మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులాలవారిగా లెక్కించరాదని దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. అంబేడ్కర్ గారు 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన వెంట నడిచిన లక్షలమంది కూడా ఈ పేరా ప్రకారం జాబితా బయటికే వెళ్లారు. మళ్లీ చట్టం వారిని లోపలికి తీసుకునేసరికి 34 ఏళ్లు పట్టింది. అంబేడ్కర్ జయంతికి మనం హాస్టల్లో ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాం. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తులేదు.

మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను 1970లో వెనుకబడిన తరగతుల జాబితాలో సి గ్రూపు కింద పెట్టారు. దానికి ఇచ్చిన రిజర్వేషన్ ఒక శాతం. ఎస్సీలది 15 శాతం. 2025లో మన రాష్ట్రంలో ఆ 15ను మూడు గ్రూపులుగా చేశారు, అయినా ఒకటికి, దానికి పోలిక లేదు. 1977లో వచ్చిన ఒక ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం హాస్టలు, స్కాలర్‌షిప్పు వంటివి మతం మారిన ఎస్సీలకు కూడా ఇవ్వవచ్చు. చట్టబద్ధమైన రిజర్వేషన్ మాత్రం రాదు. అంటే హాస్టల్లో మంచం దొరుకుతుంది, బయటికి వెళ్లాక ఉద్యోగం దగ్గర గడి మారుతుంది.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒకాయన దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయన పక్కన కూర్చున్నవాళ్లకు వచ్చాయి, ఆయనకు క్రైస్తవుడని ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే తోలు, అదే ఆరె. 1985లో కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా కులం వల్ల కలిగే బాధ అంతే తీవ్రంగా ఉందని తగిన ఆధారాలు చూపలేదన్నది కారణం. చెప్పులు కుట్టేవాడు తన బాధకు ఆధారాలు ఏ సంచిలో పెట్టుకుని కోర్టుకు తేవాలో నాకైతే అర్థం కాలేదు.

2024 నవంబరులో మరో తీర్పు వచ్చింది. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ సర్టిఫికెట్ కోరితే, ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకుని కోర్టు నిరాకరించింది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనన్నది. మరోవైపు 2022లో కేంద్రం ఈ ప్రశ్న పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది.

ఈ కాగితాలన్నీ చదివిన తర్వాత నాకు మా సిలబస్‌లోని జాషువా మళ్లీ కొత్తగా కనిపించాడు. మార్కుల కోసం చదివినప్పుడు ఆయన పుట్టిన తేదీ (1895 సెప్టెంబరు 28, వినుకొండ) బాగా గుర్తుండేది, మనిషి గుర్తుండేవాడు కాదు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. బడిలో అంటరానితనం ఎదురైంది. అయినా పట్టుబట్టి సంస్కృత కావ్యాలు చదువుకున్నాడు. హిందూ పురాణాలు, కావ్యాలు నీకెందుకని ఇటు చర్చి పెద్దలకు కోపం, ఈ కులంలో పుట్టినవాడికి కవిత్వమేమిటని అటు పండితులకు కోపం. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివి వినిపించే పని చేసి పొట్టపోసుకున్నాడు.

ఈ సంగతి చదివి నాకు మన కృష్ణానగర్ గుర్తొచ్చింది. మెస్ బిల్లు కాకపోయినా బస్ పాస్‌కూ, గైడ్లకూ పనికొస్తుందని సెలవు రోజుల్లో మనవాళ్లం జనం సీన్లకు వెళ్లేవాళ్లం కదా! ఒకసారి ఫిల్మ్‌నగర్ వైపు ఒక సెట్టులో పొద్దున గుడి ముందు భక్తులుగా నిలబడ్డాం. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి అదే ప్లైవుడ్ గోడకు సిలువ బిగించి చర్చి పెళ్లి తీశారు. మేమే కుంకుమ తుడుచుకుని బెంచీల మీద కూర్చున్నాం. ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

జాషువా 1932లో ఫిరదౌసి రాశాడు, అది పారశీక కవి కథ. 1941లో గబ్బిలం రాశాడు. చెప్పులు కుట్టే పేదవాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తనను గుళ్లోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. ఇదే కవి క్రీస్తు చరిత్ర రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన కూతురు హేమలత నాస్తికుడైన గోరా గారి కొడుకు లవణంను పెళ్లి చేసుకుని, జోగినుల కోసం పనిచేసింది. ఒక్క ఇంట్లో ఇన్ని దారులున్నాయి. ఆ ఇంటికి ఏ గడి సరిపోతుంది?

ఇదంతా అమ్మకు చెప్పాలి కదా. శాతాలు చెప్పాను. వందలో పదిహేను, వందలో ఒకటి. కూలి లెక్కలు చేసే మనిషి, వెంటనే అర్థమైంది. "అయితే దేవునికి అబద్ధం చెప్పమంటవా?" అంది. "అబద్ధం వద్దనే ఇప్పుడు తీసుకోనంటున్నానమ్మా" అన్నాను. ఆ మాట నాకే పూర్తిగా నచ్చలేదు. చట్టంలో ఆ పేరా లేకపోతే బాప్తిస్మం తీసుకునేవాడినా అని నన్ను నేను అడుగుకున్నాను. బహుశా తీసుకునేవాణ్నే, నమ్మకం కంటే ఎక్కువగా అమ్మ కోసం. అది సరైన కారణమేనా అన్నది ఆమె పాస్టరు గారిని అడగాల్సిన ప్రశ్న. నా నమ్మకం ఎంతో తేల్చుకునే అవకాశం కూడా లేకుండా ఆ గడి ముందే జవాబు రాసేసిందన్నదే నా బాధ.

నాయిన మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. పొయ్యి దగ్గర డప్పు కాపుతూ కూర్చుని, చివర్లో "ఆఖరు తేదీ ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు. మర్నాడు దరఖాస్తు పంపాను, సర్టిఫికెట్ ఉన్నదున్నట్టే జతచేసి.

అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. శనివారం రాత్రి నేనే, పొద్దున నీతో చర్చి దాకా వస్తాను, బయట వేపచెట్టు కింద కూర్చుంటాను అన్నాను.

"చెట్టు కింద ఎందుకు? లోపటికి రా. ఆడ ఎవ్వరు నిన్ను కాయిదం అడగరు" అంది.