చేప రెక్కలు – చేప ఈత

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. అందు తూర్పుపాయయగు గౌతమి చెంతనే మన యానాము, దరియాలతిప్ప ఉన్నవి. ఇచ్చటి బాలబాలికలకు వలయు, పడవయు, చేపయు పుట్టినది మొదలు పరిచితములే. అయినను “చేప ఎట్లు ఈదును?” అని ప్రశ్నించినచో, “పడవకు తెడ్లవలె చేపకు రెక్కలున్నవి, వానితో నీటిని త్రోసికొని పోవును” అని పలువురు జవాబు చెప్పుదురు. ఈ జవాబులో నిజము కొంతయే కలదు. తక్కినదానిని ఈ వ్యాసమున తెలిసికొందము.

చేప రెక్కలకు శాస్త్రగ్రంథములలో వాజములని పేరు. ఒక పులసను పరిశీలింపుడు. వీపుమీద ఒకటి గలదు, అది పృష్ఠవాజము. మొప్పల వెనుక ఇరుప్రక్కల నున్న జత ఉరోవాజములు. పొట్టక్రింది జత శ్రోణివాజములు. తోకకు ముందు, అడుగుభాగమున నున్నది పాయువాజము. చివరనున్న తోకరెక్క పుచ్ఛవాజము. ప్రతి రెక్కలోను సన్నని ఈనెలును, వానిని కప్పిన పలుచని చర్మమును ఉండును. ఈనెల మొదట చిన్న కండరములుండుటచే చేప తన రెక్కను విసనకఱ్ఱవలె విప్పగలదు, ముడువగలదు.

ఇక ఈత సంగతి. చేప దేహమునకు రెండు ప్రక్కల బలమైన కండరములు తల మొదలు తోకవరకు వరుసలుగా అమరియున్నవి. మనము తినునది ముఖ్యముగా ఈ కండరములనే. కుడిప్రక్క కండరములు ముడుచుకొన్నప్పుడు దేహము కుడికి వంగును. పిదప ఎడమకు వంగును. ఈ వంపు అలవలె తలనుండి తోకకు సాగుచు నీటిని వెనుకకు నెట్టును. న్యూటను 1687లో ప్రకటించిన మూడవ సూత్రము ప్రకారము ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య కలదు గనుక, నీరు చేపను ముందునకు నెట్టును. ఇటలీ దేశీయుడగు బొరెల్లి రచించి, అతని మరణానంతరము 1680–81లో వెలువడిన గ్రంథమునందే, చేపను నడుపునది ముఖ్యముగా తోకయే యని చెప్పబడినది. 1933లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడగు జేమ్సు గ్రే ఈదుచున్న చేపలకు వరుసగా ఛాయాచిత్రములు తీసి, ఈ అల సాగు విధమును విశదపరచెను.

అట్లయిన తక్కిన రెక్కలేల? పడవకు వేగమొక్కటియే చాలదు గదా! అది పొరలిపోకుండ నిలువవలెను, తిరుగవలెను, ఆగవలెను. వీపు రెక్కయు పాయువాజమును చేప ప్రక్కకు పొరలకుండ కాపాడును. నడుచుచున్న పడవలో ఒకప్రక్క తెడ్డును నీటిలో అడ్డముగా నిలిపినచో పడవ ఆ ప్రక్కకే తిరుగును. రెండుప్రక్కల నిలిపినచో వేగము తగ్గును. ఉరోవాజములు ఈ పనియే చేయును. శ్రోణివాజములు చేప ముందువెనుకలకు ఒరగకుండ తోడ్పడును. కొన్ని చేపలు మాత్రము మెల్లగా కదలునపుడు ఉరోవాజములనే నిజమైన తెడ్లుగా వాడుకొనును.

బ్రదుకును బట్టి రెక్కల ఆకారము మారును. దూరప్రయాణము చేయు పులసకు తోకరెక్క లోతుగా చీలియుండును. అట్టి తోకకు నీటి ఒరపిడి తక్కువ. పొంచియుండి ఎరపై దుముకు పండుగప్పకు తోక గుండ్రని విసనకఱ్ఱవలె నుండి, ఒక్కసారిగా ఎక్కువ నీటిని నెట్టును. దాని వీపు రెక్క ముందుభాగమున 7 మొదలు 9 వరకు గట్టి ముండ్లుండును. కోరంగి మడ అడవుల బురదలో గెంతులు వేయు చిన్న చేప తన ఉరోవాజములను చేతికఱ్ఱలవలె ఊని గట్టుమీద నడచును!

పులస ప్రయాణము ప్రత్యేకముగా తలపదగినది. వర్షర్తువున ఎఱ్ఱనీరు రాగానే అది బంగాళాఖాతమును విడిచి, మంచినీట గ్రుడ్లు పెట్టుటకై గోదావరి వరదకు ఎదురీదును. ధవళేశ్వరమున 1852లో పూర్తియైన ఆనకట్టయు, తరువాత దాని స్థానమున వచ్చిన బ్యారేజియు ఆ ప్రయాణమునకు అడ్డుగా నిలిచినవి. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. కాని గ్రుడ్లు పెట్టకముందే తల్లిచేపలను, సముద్రమునకు మరలు పిల్లలను సన్నకన్ను వలలతో పట్టివేసినచో, రాబోవు ఏండ్లలో ఎదురీదుటకు ఏ చేప మిగులును? వల కన్ను ఎంత యుండవలెనో నిర్ణయించుట కూడ ఈ పాఠములోని భాగమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. వాజము బడిమాట, రెక్క ఇంటిమాట. రెండును తెలుగే. తెడ్డు, చుక్కాని, ఈనె, పొలుసు అను మాటలు మీ నోట విన్న బిడ్డకు ఈ పాఠము సగము వచ్చినట్లే. చేపల పేర్లను, వాని నడతను మీరు చెప్పుడు, బిడ్డలు వ్రాసికొందురు. విద్యార్థులారా! ఈసారి రేవున బ్రదికియున్న చేప కనబడినపుడు నీటిలోనే దానిని గమనింపుడు. తోక ఏమి చేయుచున్నది? నిలిచియున్నపుడు ఏ రెక్క కదలుచున్నది? మీరు చూచినదానిని తేదీ వేసి పుస్తకమున వ్రాయుడు. ఆ వ్రాతను తరగతిలో అందరమును కలసి చదువుకొందము.