నలుగురిలో నోరు విప్పుట

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 4:10-16, నెహెమ్యా 8:1-8, 1 కొరింథీయులకు 2:1-5



గత సంవత్సరము వానకాలమున మన పాలెము పెద్దలతో కూడ మేమును గ్రామసభకు వెళ్లితిమి. సమాధుల తోటకు పోవు బాట వాన పడినప్పుడెల్ల మోకాటిలోతు బురద యగుచున్నదనియు, పెట్టె మోయువారు జారి పడుచున్నారనియు అక్కడ చెప్పుకొనవలెనని ముందే అనుకొని యుంటిమి. మన వంతు వచ్చెను. ఆదివారము ఆరాధనలో అరగంటసేపు తడబడక ప్రార్థన చేయు పెద్దలు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. "అయ్యగారూ, మీరే చెప్పండి" అని మమ్మును ముందుకు నెట్టిరి. మేము లేచి చెప్పితిమి. అక్కడివారు మర్యాదగానే విని, "పాస్టరుగారి మనవి" అని వ్రాసికొనిరి. ఆ బురదలో నడచువారెవ్వరును నోరు విప్పలేదు గనుక అది మా ఒక్కరి మాటగానే మిగిలిపోయెను. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులేయని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టములో నున్నది. హక్కు ఉన్నది, నోరు లేవలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తప్పు పెద్దలది కాదు, మాదే అని తోచెను. పది సంవత్సరములుగా ఈ సంఘములో మేము మాటలాడుచున్నాము, మీరు వినుచున్నారు. మీచేత మాటలాడించుటకు మేము చేసినది మాత్రము బహు తక్కువ. ఆ లోపమును దిద్దుకొనుటకు గడచిన సంవత్సరమంతయు మేము చేసిన ప్రయత్నమునుబట్టి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

"నాకు నోరు తిరుగదు" అనుట క్రొత్త సంగతి కాదు. మండుచున్న పొదయొద్ద మోషే చెప్పిన సాకులలో అదియు ఒకటి. ఫరోతో మాటలాడినప్పుడు ఆయనకు 80 ఏండ్లు (నిర్గమ. 7:7). దేవుడు ఆ నాలుకను అక్కడికక్కడే బాగుచేసి పంపలేదు. మోషేమీద కోపపడెను గాని, అన్నయైన అహరోనును తోడుగా ఇచ్చెను. మొదట ఇశ్రాయేలు పెద్దల యెదుట మాటలాడినది అహరోనే (4:30). అయితే తరువాతి అధ్యాయములను నిదానముగా చదివి చూడుడి. 8:9లో ఫరోకు జవాబు చెప్పుచున్నది మోషే. 9:29లోను ఆయనే. 11వ అధ్యాయములో కడపటి తెగులును గూర్చి హెచ్చరించినదియు ఆయనే. అహరోనును ప్రక్కకు తొలగుమని ఎవరును చెప్పలేదు, మోషేయే అడుగు వెంబడి అడుగు ముందుకు వచ్చెను. నలువది ఏండ్ల తరువాత మోయాబు దేశములో ఆయన జనులకు చెప్పిన ప్రసంగములే ద్వితీయోపదేశకాండములో హెచ్చుభాగము.

పౌలు సంగతియు తెలిసికొనదగినది. తాను కొరింథునకు వెళ్లినప్పుడు భయపడితిననియు వణకితిననియు ఆయనే ఒప్పుకొనెను. ఆయన ఉత్తరములు బరువైనవే గాని ఎదుట నిలిచి చెప్పు మాటలో పస లేదని ఎగతాళి చేసినవారు ఉండిరి (2 కొరింథీ. 10:10). కాబట్టి నలుగురిలో నిలువబడినప్పుడు కాళ్లు వణకినంత మాత్రమున విశ్వాసము లేదని ఎవరును నొచ్చుకొనవలదు. పాము కనబడినప్పుడు పరుగెత్తుటకు దేహము ఏలాగు సిద్ధపడునో, నలువది జతల కన్నులు మనవైపు తిరిగినప్పుడును ఆలాగే సిద్ధపడును. గుండె దడదడలాడును, నోరు ఎండును, ఊపిరి పైపైన ఆడును, అందుచేత గొంతు వణకును. దీనికి మందు సులువైనది. రెండు పాదములను నేలమీద బాగుగా ఆన్చి, మొదటి మాట పలుకకముందు కడుపు నిండునట్లు ఊపిరి పీల్చి, పీల్చినదానికంటె నిదానముగా విడువవలెను. రెండు మూడు మారులు చేసినయెడల గొంతు కుదుటపడును. దడ బొత్తిగా పోయిన తరువాత మాటలాడుదమని కనిపెట్టువాడు ఎన్నడును మాటలాడడు. మేము ఈ పనిలో ప్రవేశించి ఇరువది ఏండ్లు దాటినను, ఈస్టరు ఉదయమున మా అరచేతులు ఇప్పటికిని చెమర్చుచున్నవి.

మా మొదటి ప్రసంగము సంగతి ఇంతవరకు ఎక్కడను వ్రాయలేదు, ఇప్పుడు వ్రాయుట మంచిది. వేదాంత పాఠశాలలో రెండవ సంవత్సరము చదువుచుండగా ఒక ఆదివారము మమ్మును ఒక పల్లె సంఘమునకు పంపిరి. మేము పద్దెనిమిది పుటలు వ్రాసికొని పోయితిమి. అందులో గ్రీకు మాటలును ఉండెను. మూడవ పుట చదువుచుండగా కిటికీలోనుండి గాలి వీచి కాగితములు పిల్లల మధ్యకు ఎగిరిపోయెను. పిల్లలు సంతోషముగా ఏరి తెచ్చిరి గాని ఏది ముందో ఏది వెనుకయో తెలియలేదు. ఆశీర్వాదము పలికి కూర్చుంటిమి. బస్సు ఎక్కించుటకు వచ్చిన ముసలి ఉపదేశిగారు దారిపొడుగున ఏమియు అనలేదు. బస్సు కనబడిన తరువాత మాత్రము, "బాబూ, కాగితాలు ఎగిరిపోయినాక నీ దగ్గర ఏం మిగిలింది?" అని అడిగిరి. మేము తల వంచుకొంటిమి. "ఒక్క మాట మిగిలేటట్టు చూసుకో. అది ఉంటే చాలు. ఇంకోటి, రోజూ పొద్దున్నే ఒక అధ్యాయం గట్టిగా చదువు, బావి అవతల నీళ్లు తోడేవాళ్లకి వినపడాలి" అనిరి. మూడు సంవత్సరముల చదువులో ప్రసంగించుటను గూర్చి మేము నేర్చినదంతయు ఆ రెండు మాటలకు వ్యాఖ్యానమువంటిదే.

ఆ రెండవ మాటతోనే మన సంఘములోను మొదలుపెట్టితిమి. క్రొత్తవారిని ఒక్కసారిగా సాక్ష్యము చెప్పుమనుట ఈత రానివానిని చెరువు నడుమకు త్రోయుటవంటిది. లేఖనము చదువుటలో అయితే మాటలు ముందే సిద్ధముగా నున్నవి. "ఏమి చెప్పుదును" అను భయము పోయి "ఏలాగు పలుకుదును" అనునది ఒక్కటే మిగులును. అందుచేత పది వచనములకు మించని భాగమును వారము ముందుగానే ఒకరికి ఇచ్చుచున్నాము. దానిని కన్నులతో చదివి చాలుననుకొనవలదు. బిగ్గరగా చదువవలెను, నిలువబడి చదువవలెను, ఇంటిలో ఒకరిని వాకిటి చివర కూర్చుండబెట్టి వారికి వినబడునట్లు చదువవలెను. ఊపిరి తీసికొనవలసిన చోట పెన్సిలుతో చిన్న గీత గీసికొనుడి. గీతయొద్ద ఆగుటకు సిగ్గుపడకుడి. చదువువానికి ఆ క్షణము గంటవలె తోచును గాని, వినువానికి ఆ క్షణములోనే మాట లోపలికి దిగును. త్వరగా ముగించి కూర్చుండవలెనను ఆత్రమే తొంబదిపాళ్లు పఠనమును చెడగొట్టుచున్నది. యెహోషాపాతు, మెల్కీసెదెకు వంటి పేర్లను శనివారమే పదిసార్లు పలికి నోటికి అలవాటు చేసికొనుడి. తప్పు పలికినయెడల ఆగి దిద్దుకొని ముందుకు సాగుడి, క్షమాపణ చెప్పుచు నిలువవలదు. వచనము ముగియగానే తల యెత్తి వెనుక వరుసవారిని ఒక్కసారి చూడుడి. మైకును గూర్చి కూడ చెప్పవలసియున్నది: దానిని వ్రేలితో కొట్టకుడి, ఊదకుడి, నోటికి జానెడు దూరమున ఉంచి మాములుగా మాటలాడుడి.

చదువుట నాలుగైదు సార్లు అయిన తరువాత, చదివిన భాగములో తమ మనస్సును పట్టుకొన్న మాట ఏదో, ఎందుచేతనో రెండు వాక్యములలో చెప్పుమంటిమి. రెండే. ఇంటిలో మాటలాడు భాషలోనే చెప్పుమంటిమి. మనలో కొందరు నిలువబడగానే గొంతు మార్చి, ఎవరో పట్టణపు ప్రసంగీకునివలె మాటలాడుదురు. మాట మరచినప్పుడెల్ల "స్తోత్రము, స్తోత్రము" అని ఖాళీ నింపుదురు. దేవుని స్తుతించుట మంచిదే గాని, జ్ఞాపకశక్తి లోపించిన చోట అతుకువేయుటకు ఆ మాటను వాడుట మాకు ఇష్టము లేదు. అట్టి సమయమున ఊరకుండుడి. తలంపు తిరిగి వచ్చును.

చదువు రానివారి మాట ఏమి? నాట్లకు పోవు ఒక తల్లిని మేము అడిగినప్పుడు, "నాకు అక్షరం ముక్క రాదండి అయ్యగారూ, నలుగురిలో నిలబడితే కళ్లు తిరుగుతాయండి" అనెను. "అమ్మా, నూట ఇరువదియొకటవ కీర్తన నీకు కంఠతా వచ్చును గదా" అంటిమి. "అది నాట్లేస్తా చెప్పుకుంటానండి" అనెను. "ఆదివారము మాకు చెప్పు" అంటిమి. మూడు వారములు తప్పించుకొనెను. నాలుగవ వారము వచ్చి, ప్రక్కన కూతురు చేయి పట్టుకొని యుండగా, ఎనిమిది వచనములును చెప్పెను. అయిదవ వచనమున ఆగిపోయెను. కూతురు ఒక మాట అందించెను, మిగిలినది తానే చెప్పెను. ఆ తల్లికి కూతురే అహరోనాయెను.

స్త్రీలు సంఘములో నిలువబడి చదువవచ్చునా అని ఇద్దరు పెద్దలు మమ్మును అడిగి, 1 కొరింథీయులకు 14వ అధ్యాయమును చూపిరి. ఆ పత్రికలోనే 11:5 ప్రార్థించు స్త్రీని, ప్రవచించు స్త్రీని గూర్చి చెప్పుచున్నదనియు, వాగ్ధాటిగల అపొల్లోకు మార్గమును పూర్తిగా తెలియజెప్పినవారిలో ప్రిస్కిల్లయు ఉండెననియు (అపొ. కార్య. 18:26) మేము చూపితిమి. ఒకరు ఒప్పుకొనిరి. రెండవవారు ఇంకను ఆలోచించుచున్నారు.

ఇక వినువారిని గూర్చి. నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా నీటి గుమ్మము యెదుట తెల్లవారినది మొదలుకొని మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను. ఆయన నిలువబడిన చెక్క పీఠమును ఆ పని నిమిత్తమే చేసి యుంచిరి. కుడిప్రక్క ఆరుగురు, ఎడమప్రక్క ఏడుగురు తోడు నిలిచిరి. జనులందరు చెవియొగ్గిరి. అంత జ్ఞానియైన శాస్త్రికిని ఒంటరిగా నిలువవలసిన పని పడలేదు. మన పల్లెలలో బుఱ్ఱకథ చూచినవారికి ఈ సంగతి సులువుగా తెలియును. నడుమ కథకుడు, ఇరుప్రక్కల వంతలు. వంతలు పాట అందుకొన్నంతసేపు కథకుడు ఊపిరి తీసికొనును, తరువాతి మాట తలచుకొనును. సంఘము ఆలాగు వంత యిచ్చునదిగా ఉండవలెను. మన సంఘములో ఒక పడుచువాడు "పరిసయ్యుడు" అను మాట తప్పు పలుకగా వెనుక వరుసలో నవ్విరి. ఆ పిల్లవాడు ఏడు నెలలు మరల లేవలేదు. ఆ నవ్వు నిమిషమైనను ఉండలేదు. నవ్వినవారెవరో మాకు తెలియును, వారికిని తెలియును.

మాటలాడువాని వంతు ఏమనగా, వినువారి ఓపికను దోచుకొనకుండుట. పౌలు మధ్యరాత్రివరకు మాటలాడుచుండగా ఐతుకు నిద్రపోయి మూడవ అంతస్తునుండి క్రింద పడెను. పౌలు అతనిని బ్రదికించెను. మాకు ఆ వరము లేదు గనుక అరగంటలో ముగించుటకు ప్రయత్నించుచున్నాము.

ఉపదేశిగారు చెప్పిన మొదటి మాట, అనగా ఒక్క మాట మిగులవలెననుట, తలచుకొనునప్పుడు మాకు బిషప్ అజరయ్యగారు జ్ఞాపకము వచ్చుచున్నారు. ఆయన 1874లో తమిళ దేశమున పుట్టి, 1909లో మిషనెరీగా దోర్నకలునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆ ప్రాంతమునకు మొదటి బిషప్పు అయిరి. అంతకు రెండేండ్లు ముందుగా, 1910లో, స్కాట్లండులోని ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన మాటలాడిరి. ప్రతినిధులు సుమారు 1200 మంది, బహుగా తెల్లవారు. ఆయన వయస్సు 35. మాటలాడవలసినది తన మాతృభాష కాదు. మిషనెరీలు చేసిన త్యాగమునకు వందనములు చెప్పి, అయితే మాకు కావలసినది మీ స్నేహము, సమానులుగా మాతో కలిసి కూర్చుండు స్నేహితులు కావలెను అను ఒక్క సంగతిని ఆయన వారి ముఖము ఎదుటనే చెప్పిరి. కొందరికి అది కష్టముగా తోచెను. ఆ సభలో పలుకబడిన అనేక ప్రసంగములలో నూరేండ్లు దాటిన తరువాతను జనులు తలచుకొనునది అది. మాటలాడుటకు పోవుచున్నప్పుడు మిమ్మును మీరు అడుగుకొనుడి: నేను కూర్చుండిన తరువాత వీరు ఇంటికి తీసికొనిపోవలసిన ఒక్క సంగతి ఏది? అది ఒక వాక్యములో చెప్పలేకపోయినయెడల ఇంకను సిద్ధపడలేదని తెలిసికొనుడి.

ఈ సంవత్సరము మరల గ్రామసభ జరిగెను. మేము వెనుక కూర్చుంటిమి. కీర్తన చెప్పిన ఆ తల్లి లేచి నిలువబడెను. మాటలాడకముందు ఆమె ఊపిరి పీల్చి విడిచినది మాకు కనబడెను. "ఆ బాటమీద మా ఇళ్లోళ్లం అరవై గడపలం ఉన్నామండి. పోయిన శ్రావణంలో మా అత్తమ్మని మోసుకుపోతా ఉంటే పెట్టె బురదలో పడిందండి. ఇంకెవరి తల్లికీ అట్టా జరగకూడదండి" అని చెప్పి కూర్చుండెను. అంతే. ఆమె వెనుక ఇంకను ముగ్గురు లేచిరి. రెండు నెలలకు బాటకు గ్రావెలు తోలిరి. తూము ఇంకను వేయలేదు. దానిని గూర్చి వచ్చే సభలో ఎవరు మాటలాడవలెనో యౌవనస్థుల కూటములో ఇప్పుడే వాదులాడుకొనుచున్నారు.

వచ్చే నెల లేఖనము చదువువారి పట్టిక గుడి తలుపునకు అంటించియున్నాము. ఇంకను ఆలోచించుచున్న పెద్దగారి భార్య మూడవ ఆదివారమునకు తన పేరు వ్రాయించుకొనెను. నాలుగవ ఆదివారము భాగము రోమీయులకు 16:1-16. అందులో పేర్లు విస్తారముగా నుండుటచేత ఎవరును ముందుకు రాలేదు. పేరు ఇచ్చినవారితో శనివారము సాయంకాలము మేము కూర్చుండి ఆ పేర్లన్నియు నోరు తిరుగువరకు పలికించెదము.