కాటాలో లైటు పోతే

ఈసారి గోడపత్రికకి సైన్సు పాఠం రాయమని సార్ నాకు చెప్పారు. పుస్తకంలోది కాకుండా మన వంటగదిలో జరిగిందే రాస్తున్నాను. తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి, పెన్నుతో కొట్టెయ్యొద్దు.

మన వంటగదిలో పప్పు, చింతపండు, కారం తూచే చిన్న కరెంటు కాటా ఉంది కదా. మేడం గారు వాళ్ళింట్లో వాడినదే తెచ్చి ఇచ్చారు. పది కిలోల దాకా తూస్తుంది. దసరా సెలవులయ్యాక దాని అంకెల వెనక వెలిగే లైటు పోయింది. అంకెలు బాగానే ఉన్నాయి, లైటే లేదు. పగలు కిటికీ దగ్గర పెడితే కనిపించేవి. కాని పప్పు తూచేది తెల్లవారుజామున అయిదింటికి, అదీ ఒక్క బల్బు కింద.

ఒకరోజు పప్పు నీళ్ళలాగా ఉందని అందరం గోల చేశాం గుర్తుందా? 120 మందికి మనిషికి 50 గ్రాముల లెక్కన 6 కిలోలు పడాలి. అక్క పప్పు ఇంటికి తీసుకుపోయిందని కొందరు అన్నారు. ఆ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్క ఆ పూట అన్నం తినలేదు. మధ్యాహ్నం మేడం గారు స్టోరులో పప్పంతా కిటికీ దగ్గర మళ్ళీ తూయిస్తే రిజిస్టరులో ఉన్నదాని కంటే కిలో ఎక్కువ వచ్చింది. అంటే అక్క 5 చూసి 6 అనుకుని పొయ్యడం ఆపేసింది.

ఇలా ఎందుకు అవుతుందో చూద్దాం. కాటాలో ప్రతి అంకె ఏడు గీతలతో వస్తుంది. 8 అంకెలో ఏడూ ఉంటాయి. 5కీ 6కీ తేడా కింద ఎడమ వైపు ఒక్క గీత. 8కీ 9కీ కూడా ఆ ఒక్క గీతే తేడా. చీకట్లో అది కనపడకపోతే కిలో అటూ ఇటూ అయిపోతుంది.

ఆ గీతలు తమంతట తాము వెలగవు. అద్దం లోపల ద్రవ స్ఫటికం అనే పదార్థం ఉంటుంది. కరెంటు తగిలిన చోట వెలుతురు దాటకుండా నల్లగా కనిపిస్తుంది, అంతే. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ క్యారెట్ నుంచి తీసిన కొలెస్టెరాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తుంటే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా అయింది, 178.5 డిగ్రీల దగ్గర తేటగా అయింది. ఒకే పదార్థం రెండుసార్లు కరిగినట్టు! అలా ద్రవ స్ఫటికాలు బయటపడ్డాయి. మన దేశంలో ఎస్. చంద్రశేఖర్ గారు 1977లో బెంగళూరులో వీటిలోనే కొత్త రకం కనిపెట్టారు. వెనక ఉండే తెల్ల లైటు ఎల్.ఇ.డి. నీలం ఎల్.ఇ.డి. మీద పసుపు పూత పూస్తే తెల్ల వెలుతురు వస్తుంది. ఆ నీలం లైటు చేసిన ముగ్గురు జపాను శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక రిపేరు. ముందే విప్పెయ్యకూడదు. కొన్ని కాటాల్లో బ్యాటరీ మిగలాలని లైటు దానంతట అదే ఆరిపోతుంది, బరువు పెడితే మళ్ళీ వెలుగుతుంది. బ్యాటరీ తగ్గినా లైటు మసకేస్తుంది. మన కాటాకి రాత్రంతా చార్జింగు పెట్టాం. అయినా వెలగలేదు. తర్వాత సార్ టార్చి తీసుకుని ఎదురుగా కాకుండా పక్క నుంచి వాలుగా వేశారు. అంకెలు చక్కగా కనిపించాయి. అంటే అద్దం మంచిదే, చెడింది వెనక లైటే. (మా నాయన చెరువులో చేపని చూడాలన్నా ఇలాగే పక్కకి వంగి చూస్తాడు.)

ప్లగ్గు తీసి, బ్యాటరీ తీసి, అప్పుడు విప్పాం. నాలుగు స్క్రూలు. రెండు రబ్బరు కాళ్ళ కింద దాక్కున్నాయి, వాటికే ఎక్కువ టైము పట్టింది. లోపల అల్యూమినియం కడ్డీ ఉంటుంది. బరువు తెలుసుకునేది అదే. దాన్ని నొక్కినా వంచినా కాటా పాడైపోతుంది. అంకెల అద్దం వెనక తెల్లటి పల్చని ప్లాస్టిక్ రేకు, దాని అంచున చిన్న ఎల్.ఇ.డి., దానికి ఎర్ర తీగ, నల్ల తీగ. టార్చి సెల్లులు రెండు జోడిస్తే 3 వోల్టులు. అవి తాకించగానే లైటు వెలిగింది! మేం అరిచిన అరుపుకి అక్క కూడా పరుగెత్తుకొచ్చింది. మరి చెడింది ఏమిటి? నల్ల తీగ బోర్డు మీద అతుకు దగ్గర ఊడిపోయి ఉంది. అక్కడ రాగి పచ్చగా చిలుం పట్టింది. అన్నం ఆవిరి, ఉప్పు చేతులు తగిలి తగిలి అలా అయిందని సార్ చెప్పారు.

సార్ చిలుం గీకి టంకం వేశారు. నేను తీగ పట్టుకున్నాను. బ్యాటరీ 4 వోల్టులు, లైటుకి సుమారు 3 చాలు, అందుకని మధ్యలో రెసిస్టరు ఉంటుంది. అది తీసేసి నేరుగా కలిపితే ఎల్.ఇ.డి. మాడిపోతుంది. బిగించాక ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి, లీటరు నీళ్ళు పోసి తూచాం. కిలోకి దగ్గరగా వచ్చింది. ఖర్చు ఏమీ కాలేదు. మిక్సీ, కరెంటు పొయ్యి మాత్రం మనం విప్పకూడదు, ప్లగ్గు తీసినా లోపల కొంచెంసేపు కరెంటు నిలవుంటుంది.

ఇంకో మాట. ఇది ఇంటి కాటా గనక విప్పాం. సరుకు కొని అమ్మే కాటాకి తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. 2009 నాటి చట్టం ప్రకారం దాన్ని మనం తెంచకూడదు, లైసెన్సు ఉన్నవాళ్ళే రిపేరు చెయ్యాలి. కాని టార్చి వెయ్యడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. మేం యానాదులం. మా అమ్మ మార్టూరు (2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల) పక్క పొలాల్లో మిరపకాయలు కోస్తుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, పొద్దుగూకాక తూస్తున్నారు, ఆ కాటాలోనూ లైటు లేదు. తూచే ఆయన “పద్దెనిమిది” అన్నాడు. నేను అమ్మ ఫోను టార్చి పక్క నుంచి వేస్తే 19.4 ఉంది. ఆయనకీ కనపడలేదేమో, నాకు తెలీదు. పుస్తకంలో దిద్ది రాశాడు.

అమ్మకి అంకెలు రావు. ఆ రాత్రి ఏడు అగ్గిపుల్లలతో 8 పేర్చి, ఒక్కో పుల్ల తీస్తూ మిగతా అంకెలు చూపించాను. పండగ సెలవులు అయ్యేసరికి అమ్మకి 6 దాకా వచ్చాయి. 5కీ 6కీ మాత్రం ఇంకా తడబడుతోంది.