తెలిసిన ముప్పు – తెరమీది పొగ

ధూమపానం ఆరోగ్యానికి హానికరమని తెలియనివారు నేడు అరుదు. 2016–17లో మన దేశంలో జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో నూటికి 90 మందికి పైగా అది తీవ్రవ్యాధులకు కారణమని చెప్పారు. అయినను దాదాపు పదిమందిలో ఒకరు పొగ త్రాగుతూనే ఉన్నారు. తెలిసిన ముప్పును మానవుడు ఎందుకు లెక్కచేయడు?

మొదటి కారణం మనస్సులోనే ఉన్నది. ఆపద ఇతరులకే గాని తనకు రాదని మనిషి నమ్ముతాడు. అమెరికా మనస్తత్త్వవేత్త నీల్ వైన్‌స్టీన్ 1980లో ఈ స్వభావాన్ని 'అవాస్తవిక ఆశావాదం'గా నిరూపించాడు. "ఎప్పుడంటే అప్పుడు మానగలను" అనే ధీమా దీనికి తోడవుతుంది. కాని ఆలోపే నికోటిన్ అలవాటును వ్యసనంగా మారుస్తుంది.

రెండవ కారణం అనుకరణ. 'కన్యాశుల్కం'లో గిరీశం వద్ద వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. నేడు గిరీశం స్థానాన్ని వెండితెర నాయకుడు ఆక్రమించాడు. 1970వ దశకం నుండి జూబ్లీహిల్స్, ఫిలింనగర్ పరిసరాలలో అన్నపూర్ణ, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. అక్కడ రూపొందిన చిత్రం మారుమూల పల్లెకూ చేరుతుంది. నాయకుడు సిగరెట్టు వెలిగిస్తే ప్రేక్షకునికి అతని తెగువ కనిపిస్తుంది. కథ రెండున్నర గంటలలో ముగుస్తుంది. వ్యాధి బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. కనుక తెరపై పొగ ఉంటుంది, ఫలితం ఉండదు.

తెరపై పొగాకు దృశ్యాలను నిషేధిస్తూ 2005లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనలను 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2012 అక్టోబరు 2 నుండి అట్టి దృశ్యాల క్రింద హెచ్చరిక తప్పనిసరి అయింది. ఇప్పుడు ఒకే తెరపై పైన ఆకర్షణ, క్రింద హెచ్చరిక కనిపిస్తున్నాయి. యువకుని చూపు దేనిపై నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఆ స్టూడియోలకు చేరువలోనే, బంజారాహిల్స్‌లో, నటుడు ఎన్.టి. రామారావు సతీమణి పేర 2000లో ప్రారంభమైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. పొగాకు కథలో తెర చూపని చివరి అంకం అటువంటి ఆసుపత్రులలోనే కనిపిస్తుంది.

అయినను నిరాశకు తావులేదు. బ్రిటిష్ వైద్యుల అలవాట్లను 50 సంవత్సరాలు పరిశీలించి రిచర్డ్ డాల్ బృందం 2004లో ఫలితాలు ప్రకటించింది. ధూమపానం వీడనివారు సగటున పదేళ్ల ఆయుష్షు కోల్పోతారు. 30 ఏళ్ల వయసులో మానినవారు ఆ నష్టాన్ని దాదాపుగా తప్పించుకొంటారు. హెచ్చరికను చదవడం వేరు, అది తనకోసమేనని గ్రహించడం వేరు. ఆ గ్రహింపు యౌవనంలో కలిగితేనే పూర్తి ప్రయోజనం.

ప్రశ్నలు

1. 'అవాస్తవిక ఆశావాదం' అనగానేమి? ధూమపానానికి అన్వయించి వివరించండి.
2. తెరపై హెచ్చరిక ఉన్నా దాని ప్రభావం పరిమితం కావడానికి కారణాలేమి?