సముద్రగర్భ పైపులైన్లలో పగుళ్లు: ఏది ప్రమాదకరమో ఎలా తేలుస్తారు?

సముద్రం అడుగున చమురును, గ్యాస్‌ను మోసుకొచ్చే పైపులైను ఒకే పొడవాటి గొట్టం కాదు. సాధారణంగా 12 మీటర్ల పొడవుండే ఉక్కు గొట్టాలను ఓడ మీదే ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తూ నీటిలోకి దించుతారు. ఈ లెక్కన కిలోమీటరుకు 80కి పైగా అతుకులుంటాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డి6 క్షేత్రం నుంచి కాకినాడ సమీపంలోని గాడిమొగకు 2009 నుంచి గ్యాస్ వస్తున్నది కూడా సముద్రగర్భ గొట్టాల ద్వారానే. వేల అతుకుల్లో ఒక్కటి తెగినా ఆ లైనులో సరఫరా ఆపాల్సిందే.

అలాగని ఏ లోపమూ లేని అతుకు దొరకదు. అందుకే పగులు ఉందా, లేదా అన్నదానితో పరీక్ష ముగియదు. ఆ పగులు గొట్టం పనిచేయాల్సిన కాలంలో ప్రమాదకర స్థాయికి పెరుగుతుందా అన్నది అసలు ప్రశ్న.

అతుకు దగ్గరే ఎందుకు?

వెల్డింగ్‌లో ఉక్కు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. ఆ కొద్ది సమయంలో లోహం సరిగా కలవకపోవచ్చు; వాయు బుడగలు, మలినాలు లోపల చిక్కుకోవచ్చు. అతుకుకు ఇరువైపులా కరగకపోయినా బాగా వేడెక్కిన సన్నని పట్టీని ‘ఉష్ణ ప్రభావిత ప్రాంతం’ అంటారు. అది మరీ వేగంగా చల్లారితే గట్టిపడి, పెళుసుబారుతుంది. పైగా చల్లారుతూ లోహం కుంచించుకుపోవడం వల్ల, బయటి నుంచి ఏ బరువూ పడకపోయినా లోపల కొంత ప్రతిబలం మిగిలిపోతుంది. దానికి గొట్టం లోపలి పీడనం, ఉష్ణోగ్రత మార్పులు, అలలు, ప్రవాహాల వల్ల కలిగే ఊగిసలాట తోడవుతాయి.

లెక్కలో మూడు అంశాలు

పదార్థాలు అంచనా కంటే తక్కువ బలానికే ఎందుకు విరుగుతాయో బ్రిటిష్ ఇంజనీర్ ఎ.ఎ. గ్రిఫిత్ 1920ల ఆరంభంలో గాజుపై ప్రయోగాలతో వివరించారు. అందులోని సూక్ష్మమైన పగుళ్లే కారణమని చూపారు. 1957లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ ఇర్విన్ ఆ ఆలోచనను లోహాలకు పనికొచ్చేలా మలిచారు. ఆయన చెప్పిన ‘ప్రతిబల తీవ్రత’ పగులు కొన వద్ద లోహం ఎంత లాగుడుకు గురవుతోందో తెలిపే కొలత. అది ప్రతిబలంతో పాటు, పగులు పరిమాణపు వర్గమూలంతో పాటు పెరుగుతుంది. గోడ మందంతో పోలిస్తే పగులు చిన్నదిగా ఉన్నంతవరకు, దాని లోతు నాలుగింతలైతే తీవ్రత సుమారు రెండింతలవుతుంది.

ఆ తీవ్రత లోహం తట్టుకోగల హద్దును దాటితే పగులు ఒక్కసారిగా సాగుతుంది. కాబట్టి పగులు పరిమాణం, దానిపై పడే ప్రతిబలం, లోహం తట్టుకునే శక్తి అనే మూడూ తెలియాలి. మొదటిదాన్ని అల్ట్రాసోనిక్ తరంగాలతో కొలుస్తారు. కొలతలో తేడా రావచ్చు కనుక లెక్కలో కొంత అదనంగా వేసుకుంటారు. మూడోదాని కోసం అదే పద్ధతిలో వెల్డింగ్ చేసిన నమూనాలో గాటు పెట్టి, అది సాగేదాకా వంచి చూస్తారు.

బీఎస్ 7910 వంటి ప్రమాణాలు ఈ వివరాలను ఒక గ్రాఫ్‌పైకి తెస్తాయి. ఉక్కు పెళుసుగా విరగడానికి ఎంత దగ్గరలో ఉందో నిలువు అక్షం, సాగి కూలిపోవడానికి ఎంత దగ్గరలో ఉందో అడ్డ అక్షం చూపుతాయి. పగులును సూచించే బిందువు హద్దు గీతకు లోపల ఉంటే ఆమోదయోగ్యం, బయట ఉంటే కాదు.

ఈ రోజు లోపల ఉన్న బిందువు రేపు బయటికి రావచ్చు. బలం పదేపదే పెరిగి తగ్గుతుంటే, ఒక్కో ఆవృత్తికి పగులు కొద్దికొద్దిగా సాగుతుంది. 1960ల ఆరంభంలో పాల్ పారిస్ రూపొందించిన సూత్రం ప్రకారం, ఉక్కులో ఈ పెరుగుదల తీవ్రతలోని హెచ్చుతగ్గుల ఘనానికి దాదాపు అనుపాతంలో ఉంటుంది. అంటే ఊగిసలాట రెండింతలైతే పగులు ఎనిమిదింతల వేగంతో పెరుగుతుంది.

కషగాన్ పాఠం

కాస్పియన్ సముద్రంలో కజకిస్తాన్‌కు చెందిన కషగాన్ క్షేత్రంలో 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలైంది. కొన్ని వారాల్లోనే పైపులైను లీకై, అక్టోబరులో పని నిలిచిపోయింది. అక్కడి గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా ఎక్కువ. తేమ సమక్షంలో అది ఉక్కుతో చర్య జరిపినప్పుడు వెలువడే హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి చొరబడతాయి. ఉక్కు అతిగా గట్టిపడిన చోట్ల, మామూలుగా తట్టుకోగలిగే ప్రతిబలానికే పగుళ్లు పుడతాయి. దర్యాప్తులో తేలింది ఇదే. చమురు, గ్యాస్ లైన్లు రెండూ కలిపి సుమారు 200 కిలోమీటర్ల గొట్టాలను మార్చాక, 2016లో గానీ ఉత్పత్తి తిరిగి మొదలు కాలేదు.

ఉక్కు తట్టుకునే శక్తి స్థిరమైన అంకె కాదని ఈ ఉదంతం చూపుతుంది. మంచి గాలిలో పరీక్షించిన నమూనా ఇచ్చే భరోసా, హైడ్రోజన్ సల్ఫైడ్ పారే గొట్టానికి చెల్లదు. అందుకే ఇలాంటి లైన్లలో అతుకు వద్ద కాఠిన్యం సాధారణంగా 250 వికర్స్ దాటకుండా చూస్తారు. గొట్టంలో ఏది పారుతుందో అదే వాతావరణంలో నమూనాలను పరీక్షిస్తారు.

కోసేయడమే మేలు కాదా?

అనుమానం వచ్చిన ప్రతి అతుకునూ తీసేయడం సురక్షితమనిపిస్తుంది. కానీ మళ్లీ వెల్డింగ్ చేస్తే మళ్లీ వేడి, మళ్లీ అవశేష ప్రతిబలం తప్పవు. హాని చేయని లోపం స్థానంలో హాని చేసేది రావచ్చు. లెక్కలో తగినంత వెసులుబాటు ఉంటే అతుకును అలాగే ఉంచుతారు. తక్కువైతే పీడనం తగ్గించడమో, తనిఖీలు ముందుకు జరపడమో చేస్తారు. అదీ చాలకపోతేనే కోస్తారు. ఆ నిర్ణయం ఎంత నమ్మదగినదన్నది, లెక్కలోకి తీసుకున్న పరిస్థితులు నీటి అడుగున గొట్టం నిజంగా ఎదుర్కొనే పరిస్థితులకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.