ఊళ్లో మిగిలిపోయే మనిషి

చి. బుజ్జికి,


పాడేరు డేట్‌లైన్‌తో నీ పేరు పడ్డ పేజీని మీ అత్తయ్య ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపిస్తోంది. ఈ మామయ్యకు మాత్రం ఆ స్టోరీ కన్నా నువ్వు మొన్న ఫోన్లో అడిగిన ప్రశ్నే మనసులో తిరుగుతోంది. గంజాయి బండికి ముందు బైకు మీద వెళ్లి, దారిలో పోలీసులున్నారో లేదో చూసి చెప్పే కుర్రాడొకడు నిన్ను ఒక రాత్రి తనతో రమ్మన్నాడన్నావు. పేరు మార్చి రాస్తే తప్పేంటన్నావు. ఔనో కాదో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఈ దారిలో ముందు నడిచినవాళ్ల సంగతి తెలియకుండా చెబితే, అది పెద్దవాళ్ల భయంలాగే వినిపిస్తుంది.

మెక్సికో ఉత్తరాన చివావా రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో చీనిపాస్ అనే చిన్న ఊరు. మిరోస్లావా బ్రీచ్ ఆ ఊరి ఆడపడుచు. లా హోర్నాదా అనే జాతీయ దినపత్రికకు చివావా నగరం నుంచి రాసేది. 2016 స్థానిక ఎన్నికల్లో మాదకద్రవ్యాల ముఠాలు తమ బంధువులనే మేయర్ అభ్యర్థులుగా నిలబెడుతున్నాయని బయటపెట్టింది. చీనిపాస్ అభ్యర్థి ముఠా నాయకుడి చుట్టమని తేలడంతో పార్టీ అతన్ని తప్పించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో పార్టీ ప్రతినిధి ఆమెకు ఫోన్ చేశాడు. మాట కలిపి, ఈ సమాచారం ఎక్కడిదని కూపీ లాగాడు. ఆ సంభాషణ రికార్డయింది. ఆ రికార్డు చీనిపాస్ మేయర్‌గా పనిచేసిన మనిషి చేతుల మీదుగా ముఠాకు చేరింది. 2017 మార్చి 23 ఉదయం, కొడుకును బడికి తీసుకెళ్లడానికి కారులో కూర్చుని ఉన్న ఆమెను ఇంటి ముందే కాల్చి చంపారు. నేరం ఒప్పుకున్న ఆ మాజీ మేయర్‌కు 2021లో 8 ఏళ్ల శిక్ష పడింది.

ఇందులో నువ్వు గమనించాల్సింది తుపాకీ పట్టినవాణ్ణి కాదు, ఫోన్ చేసినవాణ్ణి. పార్టీ తరఫున విలేకరులతో మాట్లాడటమే అతని ఉద్యోగం. అలాంటివాళ్లు నీ ఫోన్లోనూ పదిమంది ఉంటారు. టీ తాగుతూ 'ఇంతకీ నీకెవరు చెప్పారమ్మా' అని మామూలుగా అడిగే నాయకుడున్నాడే, అతని ముందు నోరు మెదపకుండా ఉండటం అన్నిటికన్నా కష్టం. ఆ ప్రశ్నకు నవ్వడం కూడా జవాబే అవుతుంది. 'ఫలానా ఆయన కాదులెండి' అన్నావా, మిగిలినవాళ్ల జాబితా చిన్నదైపోయినట్టే.

ఆమె చనిపోయిన రెండు నెలలలోపే, మే 15 మధ్యాహ్నం, సినలోవా రాష్ట్రంలోని కులియాకాన్‌లో హావియెర్ వాల్దెస్‌ను ఆయన ఆఫీసు దగ్గరి వీధిలోనే కారులోంచి దింపి కాల్చేశారు. 2003లో కొందరు మిత్రులతో కలిసి రియోదోసే అనే వారపత్రిక పెట్టినవాడాయన. ముఠా నాయకుల వైభవం కన్నా, ఆ వ్యాపారం కింద నలిగిపోయే తల్లుల గురించి, కూలికి తుపాకీ పట్టిన పిల్లల గురించి ఎక్కువ రాశాడు. 2011లో న్యూయార్క్‌కు చెందిన పాత్రికేయుల రక్షణ సంఘం ఆయనకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పేరు ప్రపంచానికి తెలిస్తే ప్రాణానికి కాస్త అండ అని మన వృత్తిలో ఒక నమ్మకముంది. కులియాకాన్‌లో అది పనిచేయలేదు.

అప్పటికి సినలోవా ముఠా రెండుగా చీలి కొట్టుకుంటోంది. 2017 ఫిబ్రవరిలో రియోదోసే ఒక వర్గం నాయకుడి మాటలు ప్రచురించింది. పత్రికలు దుకాణాలకు చేరగానే సాయుధులు వచ్చి కాపీలన్నీ కొనేశారు. ఇక్కడే మెలిక ఉంది. వాల్దెస్‌ను చంపించింది ఆ మాటలు చెప్పిన నాయకుడి కొడుకేనని మెక్సికో ప్రాసిక్యూషన్ ఆరోపణ. అతను కాదంటున్నాడు. నిజం కోర్టులు తేల్చాలి. ముఠాలున్న చోట మాత్రం, ఇరుపక్షాల వాదనా వేశాం కాబట్టి మన పని అయిపోయిందనే ధీమా చెల్లదు. ఒకడి మాట వేస్తే రెండోవాడికి కోపం. వేసినదానిలో ఒక్క వాక్యం నచ్చకపోతే మొదటివాడికీ కోపమే.

సోర్సు నేరస్థుడే అయితే ఇంకో చిక్కు. డబ్లిన్‌లో సండే ఇండిపెండెంట్ విలేకరి వెరోనికా గెరిన్‌కు జాన్ ట్రేనర్ అనే నేరగాడు లోపలి కబుర్లు మోసుకొచ్చేవాడు. చివరికి తన గురించి ఆమె పుస్తకం రాయకుండా ఆపమని అతనే హైకోర్టుకెక్కాడు. 1995 జనవరిలో ఎవరో ఇంటికొచ్చి ఆమె కాలి మీద కాల్చారు. ఆ ఏడాదే, గంజాయి వ్యాపారి జాన్ గిలిగన్ తనను కొట్టాడని ఆమె కేసు పెట్టింది. అది తేలకముందే, 1996 జూన్ 26న, ఎర్రలైటు దగ్గర ఆగిన ఆమె కారు పక్కన మోటార్‌సైకిల్ ఒకటి వచ్చి ఆగింది. ఆమె హత్య తర్వాతే ఐర్లండ్ నేరస్థుల ఆస్తులు స్వాధీనం చేసుకునే చట్టం తెచ్చింది, క్రిమినల్ అసెట్స్ బ్యూరో పెట్టింది. అందరూ ఈ చివరి సంగతి చెప్పి ఊరుకుంటారు. కాలికి తూటా తగిలాక కూడా ఆమెను అదే బీటులో, అదే పేరుతో, అదే ఫొటోతో ఎందుకు కొనసాగనిచ్చారని ఆ పత్రిక పెద్దల్ని అడిగినవాళ్లు ఐర్లండ్‌లో ఉన్నారు. ఆమే తగ్గనందని జవాబు. పాతికేళ్ల విలేకరి తగ్గదు, ముప్పై ఏడేళ్ల విలేకరీ తగ్గలేదు. తగ్గించడానికే డెస్కు, ఎడిటరు ఉండేది.

ఇలాంటి ప్రమాదానికి మెక్సికోలోనే, టిహువానాలోని సేతా వారపత్రిక ఒక పద్ధతి కనిపెట్టింది. అది ఆ పత్రికకు ఉత్తినే రాలేదు. సహవ్యవస్థాపకుడు హెక్టర్ ఫెలిక్స్‌ను 1988లో చంపారు. 1997లో సంపాదకుడు హెసూస్ బ్లాంకోర్నెలాస్ మీద దాడి జరిగితే ఆయన బతికాడు, ఆయన అంగరక్షకుడు పోయాడు. 2004లో మరో సంపాదకుడు ఫ్రాన్సిస్కో ఓర్తిస్‌ను పిల్లల కళ్లెదుటే కాల్చారు. ప్రమాదకరమైన కథనాలకు అక్కడ మనిషి పేరు వేయరు. సేతా పరిశోధన అని పత్రిక పేరే వేస్తారు. బైలైన్ మీద నీకెంత మమకారమో మామయ్యకు తెలుసు. అయినా ఇది నేర్చుకో.

మన మన్యాన్ని సినలోవాతో పోల్చుకుని గొప్పపడొద్దు. కానీ సరుకు తక్కువేం కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒకేసారి తగలబెట్టిన గంజాయి 2 లక్షల కిలోలు. అంత సరుకు కదిలే చోట డబ్బు కదులుతుంది. డబ్బున్న చోట చెవులుంటాయి. నువ్వు విశాఖలో గది తీసుకుని ఉంటున్నావు. నీకు సమాచారమిచ్చే మండల కంట్రిబ్యూటర్ చింతపల్లిలో సొంతింట్లో ఉంటాడు. రాసిన వార్తల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటు డబ్బులతో ఇల్లు గడవక పక్కన జిరాక్స్ షాపు నడుపుకుంటాడు. రేపు స్టోరీ పడ్డాక నువ్వు రాత్రి బస్సెక్కి దిగిపోతావు. సంతలో జనం తేరిపార చూసేది అతన్ని. అతని పేరు, నీ పేరు ఒకే స్టోరీ కింద వేయాలా, స్టోరీ వచ్చిన వారమంతా అతను ఊళ్లో ఉండాలా వద్దా అన్నది నీ ఒక్కదాని నిర్ణయంగా ఉండకూడదు. అతన్ని అడుగు. అతని భార్యనూ అడగమను.

ఇక పోలీసుల ప్రెస్‌మీట్ విషయం. ఖాకీ చెప్పిందంతా నిజమనీ కాదు, అబద్ధమనీ కాదు. 2024 మార్చిలో విశాఖ పోర్టుకు బ్రెజిల్‌లోని సాంతోస్ నుంచి వచ్చిన కంటైనర్ గుర్తుందా? ఎండబెట్టిన ఈస్ట్ 25,000 కిలోలు. అందులో మత్తు పదార్థాలు కలిశాయని ప్రాథమిక పరీక్షను బట్టి సీబీఐ ప్రకటించింది. ఎన్నికల వేళ. ఇక చూడు, స్క్రోలింగులు, చర్చలు, ఎవరి కంటైనరో ఎవరి బంధువో అంటూ రెండు పార్టీల తిట్లు. 25 వేల కిలోల డ్రగ్సని కొందరు ఏకంగా తూచేశారు. తీరా ప్రయోగశాల నివేదికలొచ్చాక అందులో మత్తు పదార్థాలు లేవని తేలింది. ఆ వార్త ఎన్ని చోట్ల ఏ పేజీలో ఎంత సైజులో పడిందో పాత ఫైళ్లు తీసి చూడు. 'పరీక్షలో తేలింది' అని రాసే ముందు ఏ పరీక్ష అని అడగాలి. చెక్‌పోస్టు దగ్గర కిట్‌తో చేసేది అనుమానానికి పనికొస్తుంది, ఫోరెన్సిక్ ల్యాబు నివేదిక సాక్ష్యానికి. ఈ రెంటికీ మధ్య నెలలు పట్టొచ్చు. అంతకాలమూ నువ్వు రాసిన పేరు ఊరి నోళ్లలో నలుగుతుంది.

దొరికేది కూడా ఎక్కువగా ఎవరు? మోసేవాళ్లు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తగ్గని శిక్ష, బెయిలు మహా కష్టం. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో నగరంలో ఉంటాడు, ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టేది మాత్రం కూలి డబ్బులకు బ్యాగు పట్టుకున్నవాణ్ణి. వాళ్లలో పద్దెనిమిది నిండని పిల్లలు కనబడితే పేరు, ఊరు, బడి, ముఖం ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఫొటోగ్రాఫర్‌కు నువ్వే ముందు చెప్పు.

ఇప్పుడు నీ కుర్రాడి సంగతి. అతని బైకు వెనక ఎక్కొద్దు. మాదకద్రవ్యాల చట్టంలో విలేకరికి మినహాయింపు లేదు. సరుకుతో పట్టుబడితే దోషబుద్ధి ఉన్నట్టే ముందు అనుకుంటుంది ఆ చట్టం, లేదని రుజువు చేసుకోవాల్సింది నువ్వు. మెళ్లో ప్రెస్ కార్డు అక్కడ అక్కరకు రాదు. ఇది నీ గురించి. అతని గురించి ఇంకా ఆలోచించాలి. పేరు మారుస్తావు సరే. ఆ ఘాట్‌లో ఆ రాత్రి ఆ బండికి పైలట్‌గా, అంటే ముందు దారి చూసేవాడిగా, వెళ్లినవాడు ఒక్కడే. అతని యజమానికి పేరు అక్కర్లేదు, తేదీ చాలు. రేపు నిన్ను పిలిచి ఎవరతనని అడిగితే చెప్పననడానికి నీకూ గట్టి చట్టమేం లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం సోర్సుకిచ్చే రక్షణ ఆ కౌన్సిల్ విచారణ వరకే. పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర అది ఆగిపోతుంది.

స్టోరీ వదులుకోమని కాదు. పైలటింగ్ కేసుల్లో శిక్షలు పడినవాళ్ల తీర్పులు కోర్టుల్లో ఉంటాయి. బహిరంగ రికార్డులవి. ఎవరు పట్టుకున్నారు, ఎంత కూలి ఒప్పుకున్నారు, ఎవరి కోసం పనిచేశారు, అసలు విచారణ అటు వెళ్లిందా లేదా అన్నీ అందులో దొరుకుతాయి. శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవాళ్లున్నారు, జైల్లో ఉన్నవాళ్ల తల్లులున్నారు, లాయర్లున్నారు. నాలుగైదు జీవితాలు చదివితే ఆ రాత్రి ప్రయాణం లేకుండానే దారి మొత్తం కనిపిస్తుంది. ఆ కుర్రాడితో మాట్లాడటం మానొద్దు. అతని కథగా మాత్రం రాయొద్దు.

బెదిరింపు ఫోన్ వస్తే ఆ రాత్రే మీ బ్యూరో చీఫ్‌కు రాతపూర్వకంగా పంపు, టైము, నంబరు వేసి. ఇంట్లో కంగారు పడతారని దాచొద్దు. మీ అమ్మకు ఏం చెప్పాలో మీ అత్తయ్య చూసుకుంటుంది. స్టోరీ డ్రాఫ్టు మామయ్యకు చూపించాలనుకుంటే వాట్సాప్‌లో పంపకు. దసరాకి వచ్చినప్పుడు ప్రింట్ తీసుకురా, పేర్లున్న చోట ఖాళీలు వదిలి.

మీ మామయ్య